చతురంగపు గళ్ళలో ఇరవై అంకెల సంఖ్య

చతురంగపు బల్లకు 64 గళ్ళు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో 2, మూడవదానిలో 4, ఇట్లా రెట్టింపు చేస్తూ పోతే గింజలన్నీ కలిసి ఎన్ని? అరబ్బులు, యూరపువారు దీనిని కథగా చెప్పుకొన్నారు. మనకు దీని జవాబు ఒక చంపకమాలలో ఉన్నది.

ఆ పద్యం పావులూరి మల్లన పేర ప్రసిద్ధము. మల్లన 11వ శతాబ్దివాడనీ, రాజరాజ నరేంద్రుని కాలపువాడనీ ప్రతీతి. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, అనగా 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని ఆయన తెలుగు పద్యాలలోనికి తెచ్చినాడు. తెలుగులో మొదటి శాస్త్రగ్రంథంగా దీనిని లెక్కించడం వాడుక.

పద్యం చెప్పే మొత్తం 18446744073709551615. ఇందులో అంకెలకు బదులు మాటలున్నవి. శరమంటే 5, మన్మథుని బాణాలు ఐదు గనుక. శశి అంటే 1, వేదమంటే 4, గిరి అంటే 7, గగనమంటే సున్న. ఒకట్ల స్థానంనుండి ఎడమకు పోవలెను. కనుక పద్యంలోని మొదటి మాట సంఖ్యలో చివరి అంకె.

దీనిని సాధించడానికి గడిగడికీ రెట్టించి కూడనక్కరలేదు. 2ను వర్గిస్తే 4, దాని వర్గం 16, తరువాత 256, 65536, 4294967296. ఇంకొకసారి వర్గిస్తే 2 యొక్క 64వ ఘాతం. అందులో 1 తీసివేస్తే గింజల మొత్తం వస్తుంది.

అయితే తాటాకులపై ఎత్తివ్రాసేవాడు ఒక మాట పొరపాటున మార్చితే? గణమో యతిప్రాసలో చెడితే పండితుడు వెంటనే పట్టుకొంటాడు. శశి అనవలసినచోట గిరి అని పడితే మాత్రం ఛందస్సు ఏమీ చేయలేదు. రెండింటికీ రెండేసి లఘువులే. పద్యం హాయిగా నడుస్తుంది, పదుల స్థానంలోని 1 కాస్తా 7 అయిపోతుంది.

అప్పుడు సంఖ్య యొక్క గుణమే దానికి కాపలా. ఈ మొత్తం 3చే నిశ్శేషంగా భాగింపబడవలెను. అంకెల కూడిక 87, సరిపోయినది. కాని తప్పు పాఠంలో కూడిక 93. అదీ 3చే పోతుంది! 5 చూచేది చివరి అంకెను మాత్రమే. మోసపోనిది 17. 16 దానికి ఒకటి తక్కువ గనుక, 16 వర్గమైన 256ను 17చే భాగిస్తే శేషం 1. ఆపై ఎన్నిసార్లు వర్గించినా శేషం 1గానే నిలుస్తుంది. అందులోనుండి 1 తీసివేసిన మన మొత్తానికి శేషం సున్న. ఎక్కడ ఏ ఒక్క అంకె మారినా కలిగే తేడా 1నుండి 9లోపు సంఖ్యను పదులతో గుణించినదే. అది 17చే ఎన్నడూ భాగింపబడదు. ఒక్క తప్పు ఎక్కడ ఉన్నా 17 బయటపెట్టి తీరుతుంది. రెండు తప్పులు కలిసి 17ను ఏమార్చవచ్చును గాని, అప్పటికి 257 ఉన్నది.

ఈ భాజకాలు వర్గాల భేదం నుండి వస్తవి. 3, 5, 17, 257, 65537, 4294967297 — ఈ ఆరింటి లబ్ధమే మన సంఖ్య. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. ఆరవదీ అట్టిదేనని 17వ శతాబ్దిలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా తలచినాడు. ఆయన ఊహ సాగినది గాని నిలువలేదు. 1732లో ఆయిలర్ దానిని 641, 6700417గా విడగొట్టినాడు. కనుక చతురంగపు గింజల సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏడు.