చీకట్లో విన్న పాట

జాతరలో ఎవరి మైక్ సెట్ బాగుందని మనం వాదించుకుంటాం కదా. అలాంటి వాదన తేలుస్తామంటూ వందేళ్ల కిందట అమెరికాలో జనాన్ని చీకట్లో కూర్చోబెట్టారు.

1915 నుంచి ఎడిసన్ కంపెనీ తన డైమండ్ డిస్క్ ఫోనోగ్రాఫ్ అమ్మడానికి ఊరూరా 'టోన్ టెస్టులు' పెట్టింది. స్టేజి మీద మెషీన్ పక్కన గాయని నిలబడి తన రికార్డుతో కలిసి పాడేది. మధ్యలో ఆపేసేది. పెదాలు చూస్తే తప్ప తేడా తెలియదని కంపెనీ ప్రచారం. తర్వాత లైట్లు ఆర్పేవాళ్లు. వెలిగేసరికి గాయని ఉండదు, మెషీన్ ఒక్కటే పాడుతుంటుంది! 1916లో న్యూయార్క్ కార్నెగీ హాల్లోనూ ఇదే చేశారు.

చీకటి సరే, పరీక్ష పెట్టిందెవరు? అమ్మేవాళ్లే. అలా పాడిన అన్నా కేస్ చాలా ఏళ్లకు అసలు సంగతి చెప్పింది: తన గొంతునే మెషీన్‌కి తగ్గట్టు మార్చుకుని పాడిందట. అంటే మనిషే మెషీన్‌లా పాడింది! ఇది చదివి మాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

అసలు పద్ధతిలో ఏది మోగుతోందో వినేవాడికే కాదు, మార్చేవాడికీ తెలియకూడదు. సౌండ్ కూడా రెండిటికీ సమానంగా పెట్టాలి. కాస్త గట్టిగా మోగిందే మన చెవికి బాగుందనిపిస్తుంది మరి.

1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 40 మందికి అవే స్పీకర్లు ఒకసారి చూపించి, ఒకసారి తెర వెనక పెట్టి వినిపించారు. వాళ్లంతా ఆడియో కంపెనీ ఉద్యోగులే. అయినా చూస్తూ విన్నప్పుడు పెద్ద స్పీకర్లకి మార్కులు పెరిగాయి, చిన్న చవక సెట్‌కి తగ్గాయి. తెర వేశాక ఆ చిన్నదే పెద్దవాటికి పోటీ ఇచ్చింది.