పనిలో గాయమైందా? ఆసుపత్రి బిల్లు కట్టినంత మాత్రాన సరిపోదు.. పరిహారం ఇలా అడగాలి

మిషన్‌లో పడి బొటనవేలు తెగింది. యాజమాన్యం ఆసుపత్రికి తీసుకెళ్లి బిల్లు కట్టింది. చేతిలో కొంత డబ్బు పెట్టి కాగితం మీద సంతకం తీసుకుంది. ఇక అయిపోయిందనుకుని కార్మికుడు ఇంటికెళ్లిపోయాడు. ఫ్యాక్టరీల్లో, బిల్డింగ్ సైట్లలో చాలా కేసులు ఇలాగే ముగిసిపోతుంటాయి. కానీ చట్టం లెక్క వేరే ఉంది. వైద్యం ఖర్చు వేరు, పరిహారం వేరు. ఆసుపత్రికి కట్టిన డబ్బును పరిహారంలోంచి కోయడానికి వీల్లేదు. హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న కాగితం కూడా చెల్లదు.

ఈఎస్‌ఐ ఉంటే ఒక దారి

ముందుగా చూడాల్సింది ఈఎస్‌ఐ కార్డు. అది ఉంటే క్లెయిమ్ ఈఎస్‌ఐకే వెళ్తుంది, యజమాని దగ్గర మళ్లీ పరిహారం అడగడానికి ఉండదు. గాయంతో పనికి వెళ్లలేని రోజులకు జీతంలో 90 శాతం లెక్కన వస్తుంది. శాశ్వత వైకల్యం ఉంటే మెడికల్ బోర్డు తేల్చిన శాతాన్ని బట్టి చెల్లిస్తారు.

లేకపోతే యజమానే ఇవ్వాలి

ఈఎస్‌ఐ లేనివాళ్లకు 1923 నుంచి ఉద్యోగుల పరిహార చట్టం అండగా ఉంటూ వచ్చింది. అందులోని ముఖ్యమైన నిబంధనలే 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉన్నాయి. భవన నిర్మాణ కూలీలు, లారీ డ్రైవర్లు, క్లీనర్లు కూడా దీని కిందకు వస్తారు. కాంట్రాక్టర్ కింద పనిచేసినా అసలు యజమాని తప్పించుకోలేడు.

ఎంత వస్తుంది?

వయసు, జీతం, వైకల్యం శాతం.. ఈ మూడింటిని బట్టి లెక్క కడతారు. ఉదాహరణకు 30 ఏళ్ల కార్మికుడి నెల జీతం 15,000 రూపాయలు అనుకుందాం. అందులో 60 శాతం, అంటే 9,000. ఆ వయసుకు చట్టంలో ఇచ్చిన గుణకం 207.98. రెండింటినీ గుణిస్తే 18,71,820 రూపాయలు. ఇది పూర్తి శాశ్వత వైకల్యానికి వచ్చే మొత్తం. బొటనవేలు పోతే 30 శాతం నష్టంగా లెక్కిస్తారు కాబట్టి 5,61,546 రూపాయలు రావాలి. అదే కార్మికుడు చనిపోతే జీతంలో 50 శాతం లెక్కన కుటుంబానికి 15,59,850 రూపాయలు అందాలి.

వెంటనే చేయాల్సినవి

* ప్రమాదం ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరిగిందో రాసి యజమానికి ఇవ్వాలి. ఒక కాపీ దగ్గర ఉంచుకోవాలి.
* పనిచేస్తుండగా దెబ్బ తగిలిందని డాక్టర్‌కు చెప్పి కేస్ షీట్‌లో రాయించాలి. ఇంట్లో జారిపడ్డామని చెప్పమంటే ఒప్పుకోవద్దు.
* జీతం పడిన బ్యాంకు మెసేజ్‌లు, ఐడీ కార్డు, హాజరు వివరాలు, చూసినవాళ్ల పేర్లు, ఆసుపత్రి బిల్లులు భద్రం చేయాలి.
* వైకల్యం శాతంతో డాక్టర్ సర్టిఫికెట్ తీసుకోవాలి.

ఎక్కడ అప్లై చేయాలి?

కార్మిక శాఖలో పరిహారం కేసులు చూసే అధికారి దగ్గర దరఖాస్తు ఇవ్వాలి. ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు గడువు ఉంటుంది. ప్రమాదం జరిగిన చోటే వేయాలనేం లేదు, కార్మికుడు నివాసం ఉండే ప్రాంతంలోనూ వేయొచ్చు. ముంబైలో గాయపడిన పాలమూరు వలస కూలీ సొంత జిల్లాలోనే కేసు వేసుకోవచ్చన్నమాట. లాయర్‌కు ఇచ్చే స్థోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగాలి. హెల్ప్‌లైన్ నంబర్ 15100.

నెల రోజుల్లో చెల్లించని యజమాని వడ్డీ కట్టాలి. సరైన కారణం లేకపోతే బాకీలో సగం దాకా పెనాల్టీ కూడా పడొచ్చు.

"తప్పు నీదే" అంటే?

అజాగ్రత్తగా ఉన్నావంటూ పరిహారం ఎగ్గొట్టడం కుదరదు. తాగి పనిచేయడం, కావాలని సేఫ్టీ గార్డు తీసేయడం లాంటివి రుజువైతే క్లెయిమ్ పోవచ్చు. మరణం, పూర్తి శాశ్వత వైకల్యం కేసుల్లో మాత్రం ఆ సాకులు కూడా పనికిరావు.

రాజీకి వస్తే ఇది మరిచిపోవద్దు

రాజీ పడినా ఆ ఒప్పందాన్ని అధికారి దగ్గర రిజిస్టర్ చేయించాలి. మరణం కేసులో డబ్బును యజమాని అధికారి దగ్గరే జమ చేయాలి. కుటుంబం చేతికి నేరుగా ఇస్తే మూడు నెలల జీతం వరకే అడ్వాన్సుగా లెక్కలోకి వస్తుంది. అందుకే ఆసుపత్రి మంచం మీద ఎవరైనా కాగితం చాపితే, ముందు చదివించుకోవాలి. ఖాళీ కాగితమైతే సంతకం అసలు పెట్టొద్దు.