కొర్ర అంటే కొర్రలు కాదు: అరకు కొండల్లో ఇంటిపేర్ల తీరు

అరకు లోయలో ఏ ఊరి ఓటర్ల జాబితా తిరగేసినా కొన్ని ఇంటిపేర్లు మళ్ళీ మళ్ళీ తగులుతాయి: కొర్ర, కిల్లో, వంతల, పాంగి, గొల్లోరి. మైదానం నుంచి వెళ్ళిన తెలుగువాడి చెవికి వీటిలో సగం తెలిసిన మాటల్లాగే ఉంటాయి. కొర్ర అంటే కొర్రలు పండించిన వంశం కాబోలు. వంతల అంటే వంటలో వంతులో అయి ఉండాలి. గొల్లోరి అంటే గొల్లవారే. కిల్లో దగ్గరికి వచ్చేసరికి తూకం గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఈ పేర్లు మొదటిసారి రాసుకున్నప్పుడు నేనూ కొర్ర పక్కన 'ధాన్యం' అనే రాసుకున్నాను. తర్వాత దాన్ని కొట్టేసి 'సూర్యుడు' అని దిద్దుకున్నాను. ఈ దిద్దుబాటుకు తెలుగు నిఘంటువు ఏ సాయమూ చెయ్యలేదు.

ఈ పేర్లు తెలుగులోంచి వచ్చినవి కావు. అరకు, డుంబ్రిగుడ, ముంచింగిపుట్టు వైపు వేర్వేరు తెగలవాళ్ళు సంతలో కలిస్తే ఒకరితో ఒకరు మాట్లాడుకునేది ఆదివాసీ ఒరియాలో. కొండ దాటి కోరాపుట్‌లో అడిగితే అదే భాషను దేసియా అంటారు. ఒడియాలో ఖరా అంటే ఎండ. కొర్ర ఇంటిపేరును ఆ ఎండకు ముడిపెట్టడం సబబేనని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ వంశం చిహ్నం సూర్యుడు. కిల్లోవారికి పులి, వంతలవారికి పాము, గొల్లోరివారికి కోతి, పాంగివారికి గద్ద చిహ్నాలు. పులిని ఒడియాలో బాఘ అంటారు గనక కిల్లో కోసం మరోచోట వెతుక్కోవాలి. ఈ కొండల్లోని గదబ తెగవాళ్ళ గుతోబ్ భాష ముండా కుటుంబానిది. అదే కుటుంబానికి చెందిన ముండారీలో పులి పేరు 'కుల'. కిల్లో ఆ వైపు నుంచి వచ్చిందని ఊహగానే చెబుతున్నాను. మనకు కులం అన్న మాట, ముండారీవాళ్ళకు పులి అన్న మాట దాదాపు ఒకేలా వినిపించడం మాత్రం తమాషాగా ఉంది.

మైదానంలో ఇంటిపేరు చాలావరకు ఊరి పేరే. పూర్వీకులు ఏ ఊరినుంచి కదిలారో అది చెబుతుంది. పెళ్ళి మాటలు వచ్చినప్పుడు ఇంటిపేరుతో పాటు గోత్రమూ అడుగుతారు. అరకు కొండల్లో ఈ రెండు పనులూ ఒకే మాట చేస్తుంది. ఎక్కడి నుంచి వచ్చారన్నది కిల్లో అన్న పేరులో లేదు. ఎవరిని చేసుకోకూడదన్నది ఉంది. కిల్లో అబ్బాయికి కిల్లో అమ్మాయి చెల్లెలి వరస. ఊరు వేరైనా, ముఖపరిచయం లేకపోయినా అంతే. కోరాపుట్ గదబల మధ్య పనిచేసిన మానవశాస్త్రజ్ఞుడు పీటర్ బెర్గర్ అక్కడి జనం మనుషులందరినీ 'బాయి', 'బొందు' అని రెండుగా విడదీస్తారని వివరించాడు. బాయి అంటే అన్నదమ్ములు, బొందు అంటే పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్ళు. మన తెలుగులో బంధువు అంటే బాబాయీ వస్తాడు, బావమరిదీ వస్తాడు. అక్కడి బొందులో బాబాయికి చోటు లేదు. ఒకే సంస్కృత పదం కొండెక్కాక అర్థం ఎంత బిగించుకుందో చూడండి.

ఈ చిహ్నాలు తెగల గోడల్ని లెక్కచెయ్యవు. కొర్రవారు, కిల్లోవారు పోర్జల్లో ఉన్నారు, గదబల్లో ఉన్నారు, కోటియాల్లోనూ ఉన్నారు. దక్షిణ భారత కులాలు, తెగల మీద ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన ఏడు సంపుటాల గ్రంథంలో కొండదొరల ఇంటిపేర్లుగా కొర్ర, కిల్లో, ఒంతలు, పాంగి కనిపిస్తాయి. ఒంతలు అన్నది నేటి వంతలే అనుకోవాలి. ఒడిశా వైపు అది హంతాల్ అయింది. కాబట్టి ఇంటిపేరు చూసి తెగను తేల్చడం కుదరదు. కుల ధ్రువపత్రం విషయంలో ఎవరైనా ఇంటిపేరునే రుజువుగా పట్టుకుంటే పప్పులో కాలేసినట్టే.

బగత తెగవారి మత్స్యరాస ఇంటిపేరు కథ వేరు. పాడేరు నుంచి శాసనసభకు ఎన్నికై మంత్రిగా పనిచేసిన మత్స్యరాస మణికుమారి వల్ల ఈ ఇంటిపేరు రాష్ట్రమంతటికీ తెలిసింది. మత్స్యం అంటే చేప అని వేరే చెప్పక్కరలేదు. అయితే ఈ చేప వెనక ఒక రాజవంశం ఉంది. శక సంవత్సరం 1191, అంటే క్రీ.శ. 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనం ఒడ్డాదిని ఏలిన మత్స్య వంశపు అర్జునుడిది. దాన్ని పరిష్కరించి ప్రకటించినవాడు గిడుగు రామమూర్తి. మత్స్య నదిలో చేపగా మారిన అప్సరసకు మూలపురుషుడు పుట్టాడని, ఉత్కళ రాజు అతనికి కూతురినిచ్చి ఒడ్డాదికి అధిపతిని చేశాడని శాసనం చెబుతుంది. పాడేరు దాపున మత్స్యగుండంలో చేపల్ని పట్టరన్న సంగతి ఈ మన్యంలో అందరికీ తెలుసు. రాజుల కథ వల్ల చేప పూజ్యమైందా, చేప ముందునుంచీ పూజ్యం గనక రాజులు ఆ కథ అల్లుకున్నారా? రెండోదే జరిగి ఉంటుందని నాకనిపిస్తుంది. కొండల మీద రాజ్యం చెయ్యాలంటే కొండవాళ్ళ లెక్కలో ఏదో ఒక చిహ్నానికి చెందినవాడై ఉండాలి. రాగిరేకు మీద సంస్కృతం ఎక్కింది గాని లోపలి చేప స్థానికమే.

ఉత్తరాన జాతాపు, సవర గ్రామాల్లో ఇంటిపేర్ల బాణీ మరొకటి. నిమ్మక, బిడ్డిక వంటి 'క'కారాంతాలు కోంధుల బంధుత్వాన్ని పట్టిస్తాయి. సవరల్లో గమాంగ్ అంటే ఊరిపెద్ద. 1999లో ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఇంటిపేరు ఆ పదవిదే.

ఇక పెట్టిన పేర్లు. పాతకాలంలో పుట్టిన వారమే పేరు: సోమవారం సోంబారు, మంగళవారం మంగ్లు, బుధవారం బుద్రు, గురువారం గురుబారి, శుక్రవారం సుక్రు, ఆదివారం ఐతు. ఆడపిల్లయితే సుక్రి, ఐతి. ఒకే ఊళ్ళో ఇద్దరు సుక్రులుంటే పెద్ద, చిన్న అని చేర్చి పిలుచుకుంటారు. ఈ పద్ధతిని పేదరికంగా చూసేవాళ్ళున్నారు. మైదానంలో ఇంటింటికీ సోమయ్య, మంగమ్మ ఉన్న రోజులు మరిచిపోయినవాళ్ళ మాట అది. వారం పేరు బడి రిజిస్టరులోకి ఎక్కేటప్పుడే మారిపోవడం మొదలవుతుంది. గురుబారి గౌరి అవుతుంది, బుద్రు బుద్ధన్న అవుతాడు. ఇప్పటి పిల్లల్లో సినిమా పేర్లూ బైబిలు పేర్లూ ఉన్నాయి. ముందున్న కొర్ర, వంతల మాత్రం కదల్లేదు. పెళ్ళి లెక్క దాని మీదే నడుస్తుంది మరి.

వారంతో పనిలేని పద్ధతీ ఒకటుంది. గంజాం కోంధుల్లో పేరు పెట్టే తీరును పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ అధికారి మాక్‌ఫర్సన్ రాసిపెట్టాడు. నీళ్ళ గిన్నెలో ఒక్కో బియ్యపుగింజ వదులుతూ, గింజకొక చనిపోయిన పూర్వీకుడి పేరు పలుకుతారు. గింజ కదిలిన తీరును బట్టి ఎవరు తిరిగివచ్చారో పూజారి తేలుస్తాడు. బిడ్డకు ఆ పేరే.

చివరిగా వరస సంగతి. తెలుగులో ఇంటిపేరు ముందుంటుంది, ఒడియాలో వెనకుంటుంది. 2009లో కోరాపుట్ నుంచి లోక్‌సభకు ఎన్నికైన జయరాం పాంగి పుట్టింది కొండకు ఇవతల అయితే మన రికార్డుల్లో పాంగి జయరాం అయ్యేవాడు. సరిహద్దు దాటితే పాంగి పేరు చివర్నుంచి మొదటికి వస్తుంది. అటైనా ఇటైనా అతనికి ఇంకో పాంగి ఇంటి పిల్లనివ్వరు.