ఎదురు తిరిగిన పంపులు

ఫిజియాలజీ పాఠం చెప్పేటప్పుడు, మెదడుకు రక్తం ఆగితే కణాలెందుకు చస్తాయని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో "ఆక్సిజన్ అందక సార్" అనేది. నిజమే, కానీ సగమే. మిగతా సగం తేలడానికి నలభై ఏళ్ళకు పైగా పట్టింది.

1957లో లూకాస్, న్యూహౌస్ అనే ఇద్దరు పరిశోధకులు పసి ఎలుకలకు గ్లుటమేట్ ఎక్కిస్తే రెటీనా లోపలి పొరలు పాడయ్యాయి. 1969లో సెయింట్ లూయిస్‌లో జాన్ ఓల్నీ దాంతోనే ఎలుక మెదడు కణాలూ చస్తాయని చూపించాడు. నూడుల్స్ బండి మీద చల్లే అజినొమోటోలో ఉండేదీ గ్లుటమేటే కాబట్టి గొడవంతా తిండి మీదికి మళ్ళింది. నాడీకణాలు ఒకదాన్నొకటి పురికొల్పడానికి వాడుకునేదీ ఈ రసాయనమే. మరి రక్తం ఆగినప్పుడు దాని సంగతేమిటి? నన్నడిగితే అసలు ప్రశ్న అది.

1983లో స్టీవెన్ రాత్‌మన్ గాజుపాత్రలో పెంచిన నాడీకణాలకు ఆక్సిజన్ ఆపాడు. మెగ్నీషియం ఎక్కువగా కలిపి వాటి మధ్య సంకేతాలు ఆపేస్తే అవి చావలేదు. మరుసటి ఏడు కోపెన్‌హాగెన్‌లో హెలెన్ బెన్వెనిస్ట్ బృందం 0.3 మిల్లీమీటర్ల డయాలిసిస్ గొట్టాన్ని ఎలుక మెదడులోని హిప్పోకాంపస్‌ గుండా దూర్చింది. అందులో నిమిషానికి 2 మైక్రోలీటర్ల రింగర్ ద్రావణం పారుతుంటే, కణాల చుట్టూ ఉన్న రసాయనాలు గొట్టం గోడ గుండా అందులోకి ఊరతాయి. పది నిమిషాలు పట్టినా అర చుక్క రాదు! ఆ కాస్తలోనే కొలిచారు: 10 నిమిషాలు రక్తం ఆపితే గ్లుటమేట్ 8 రెట్లయింది.

ఎలా వచ్చిందంత? ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలుచుకోవాలి. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో ఆయన వెలికితీసిన ఏటీపీయే సోడియం పంపులను నడిపే ఇంధనం. రక్తం ఆగిన నిమిషాల్లోనే అది నిండుకుంటుంది. పంపులు ఆగి, సోడియం లోపలికి, పొటాషియం బయటికి పోతాయి. దాంతో గ్లుటమేట్‌ను లోపలికి లాగాల్సిన ట్రాన్స్‌పోర్టర్లే ఎదురు తిరిగి బయటికి తోడతాయి. రక్తం పూర్తిగా ఆగినప్పుడు గ్లుటమేట్‌లో ఎక్కువ భాగం ఈ దారినే వస్తుందని 2000లో లండన్‌లో డేవిడ్ అట్‌వెల్ బృందం తేల్చింది. అలా వచ్చిన గ్లుటమేట్ పక్క కణాల్లోకి కాల్షియాన్ని వరదలా వదులుతుంది. ఆ కాల్షియమే వాటిని చంపుతుంది.

మరి గ్లుటమేట్‌ను అడ్డుకుంటే? సెల్ఫోటెల్ అనే మందు ఎలుకల్లో బాగానే పనిచేసింది. 1990లలో పక్షవాతం వచ్చిన ఆరు గంటల్లోపు రోగులకిచ్చి చూస్తే మేలు కనబడలేదు సరికదా, కొందరికి మతిభ్రమ వచ్చింది. వరద నిమిషాల్లో వచ్చేస్తుంటే, మందు గంటల తర్వాత వెళ్తోంది మరి.