కవిలె నుండి కోబాల్ దాక

కడప జిల్లా గ్రామ కైఫియ్యతులు చదివినవారికి ‘దండకవిలె’ అను మాట కొత్త కాదు. కరణములు కవిలెలలో దాచిన ఊరి సంగతులను పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో కర్నల్ మెకంజీ మనుషులు కాగితము మీదికి ఎక్కించినారు. గంటము పోయి కలము వచ్చినది. భూమి కొలత, శిస్తు లెక్క తెలిసినవాని అవసరము మాత్రము పోలేదు. కరణముల ఉద్యోగములు రద్దయినది 1984లో. చాపాడు, ప్రొద్దుటూరు వైపు నుండి కంప్యూటరు విద్యకని హైదరాబాదు చేరిన పిల్లల సంగతి చెప్పబూనినప్పుడు మాకు ముందుగా ఈ కరణములే తలపునకు వచ్చినారు.

అమెరికాలో 1959లో ఒక సమితి కూడి, వ్యాపార లెక్కల కొరకు ‘కోబాల్’ అను భాషకు రూపము దిద్దినది. గ్రేస్ హాపర్ అను విదుషి అంతకుముందే రూపొందించిన ‘ఫ్లోమాటిక్’ దీనికి దారి చూపినది. ఎనభై గడుల అట్టముక్కలకు రంధ్రములు పొడిచి యంత్రమునకు అందించు కాలమది. ఏ అంకెకు ఎన్ని గడులో, పైసలు ఎక్కడ మొదలగునో ముందే ప్రకటించవలెను. జాగా ఖరీదైనది గనుక సంవత్సరమునకు తరచు రెండు గడులే ఇచ్చినారు. ఈ పిసినారితనము నలుబది యేండ్ల తరువాత తెలుగువారి ఇండ్లకు కాసులు తెచ్చునని ఎవరూ ఊహించి ఉండరు.

హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును నిర్మించినది. 1978లో ఐ.బి.ఎం. దేశము విడిచిపోగా దాని యంత్రముల సంరక్షణను ప్రభుత్వ సంస్థ సి.ఎం.సి. చేపట్టినది. 1990 తరువాత అమీర్‌పేట వీధులలో కోబాల్, జె.సి.ఎల్., డి.బి.2 నేర్పు శిక్షణశాలలు వెలసినవి. అసలు యంత్రము ఎక్కడో ఉండెడిది. విద్యార్థి ముందున్నది తెర మాత్రమే.

అప్పటి భయమేమిటో ఒక్క ఉదాహరణతో చెప్పవచ్చును. 1935లో పుట్టినవానికి 2000లో అరువదియైదేండ్లు. యంత్రము మాత్రము ‘00’ నుండి ‘35’ తీసివేయును. వయసు గడికి ఋణగుర్తు ఉంచు ఏర్పాటు లేకున్నచో మిగులునది 35. పింఛను రావలసిన ముసలివాడు మరల పడుచువాడగును; పింఛను ఆగిపోవును! ఇట్టి చోట్లను లక్షలాది పంక్తులలో వెదకి, సంవత్సరమునకు నాలుగు గడులు ఇచ్చుట యొక మార్గము. గడులు పెంచక, ఒక హద్దుకు లోపలి అంకెలన్నియు 2000 తరువాతివని యంత్రమునకు చెప్పుట రెండవది. రెండవది తొందరపాటు మందే, కాని చాలచోట్ల దానినే వాడినారు. అమెరికా హెచ్-1బి వీసాల పరిమితి కూడ 65,000 నుండి 1,15,000కు, 2001లో 1,95,000కు పెరిగినది.

2000 జనవరి 1 పెద్ద ఉపద్రవము లేక గడచినది. అట్లు గడచుటయే కోబాల్ వారి కొలువులకు ముప్పయినది. మరుసటి యేడు అమెరికా వ్యాపారము మందగింపగా పని లేక వేచియున్నవారు ఎందరో. ఇంటికి పంపవలసిన పైకము, తీర్చవలసిన అప్పు ఎదుట నిలిచినవి. జావా అప్పటికే వచ్చియున్నది. మైక్రోసాఫ్టు డాట్‌నెట్ 2002లో విడుదలయినది.

కోబాల్ ఆజ్ఞలు చాలవరకు పైనుండి క్రిందికి వరుసగా నడచును. కొత్త వేదికలో వాడుకరి ఏ మీట నొక్కునో తెలియదు. కార్యక్రమము వేచియుండి పిలిచినప్పుడు పలుకవలెను. పాతవారికి కష్టమైనది ఈ నడక. ఫుజిత్సు వంటి సంస్థలు కోబాల్‌నే డాట్‌నెట్‌లో నడుపు సాధనములు తెచ్చినవి గాని, వాటి మీదనే ఆధారపడినవారు కొత్త నడక నేర్వలేదని మా అభిప్రాయము.

పైసల విషయములో పాతవారిదే పైచేయి. కొత్త భాషలలో సాధారణముగా వాడు ద్వియాంశ సంఖ్యలతో 0.1, 0.2 కూడినచో 0.30000000000000004 అని వచ్చును. కోబాల్ చదివినవాడు డబ్బు లెక్కకు అది పనికిరాదని ఎరిగి సీషార్పులోని ‘డెసిమల్’ను, జావాలోని ‘బిగ్‌డెసిమల్’ను కోరుకొనును. ఈ జాగ్రత్త అతనికి పాత చదువు ఇచ్చినదే.

2020 ఏప్రిలులో, కరోనా కాలమున నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తగా, న్యూజెర్సీ గవర్నరు కోబాల్ తెలిసిన స్వచ్ఛంద సేవకులు కావలెనని ప్రకటించినాడు. 2023లో ఐ.బి.ఎం. కృత్రిమ మేధతో కోబాల్‌ను జావాలోనికి మార్చు సాధనమును ప్రకటించినది. మార్చిన లెక్క పాత లెక్కతో పైసాకు పైసా సరిపోయినదో లేదో రెండు కాగితములు పక్కపక్కన పెట్టి చూచువారు ఇంకను కావలసియున్నారు.