కొండయా, సరిజోడా?

సైకిలు పందెమునకు రక్తి కట్టించునది మార్గమా, వీరుడా? 1903లో ఒక దినపత్రిక తన అమ్మకము పెంచుకొనుటకై ఫ్రాన్సులో నెలకొల్పిన ‘టూర్ ద ఫ్రాన్స్’ చరిత్రలో దీనికొక చక్కని సాక్ష్యము కలదు.

1952లో నిర్వాహకులు తొలిసారిగా కొన్ని అంచెలను కొండలమీదనే ముగించిరి. అందొకటి ప్యూయి ద డోమ్ అను చల్లారిన అగ్నిపర్వతము. ఏర్పాటు అద్భుతమే. కాని అట్టి మూడు అంచెలను ఇటలీ వీరుడు ఫౌస్తో కొప్పియే గెలిచి, తుదకు రెండవవానికంటె 28 నిమిషములకు పైగా ముందుండెను. ఇక ఉత్కంఠ యెక్కడిది? పోరు చల్లారిపోకుండ నిర్వాహకులు రెండవ స్థానపు బహుమానమును పెంచవలసివచ్చెను, పాపము!

మైదానమున అందరును గాలిమరుగున గుంపుగా పోవుదురు, బలాబలములు బయటపడవు. కావున కొండ అక్కరలేదని మేమనము. కొండ ఉన్నను సరిజోడు లేనిచో చూచుటకేమున్నది?

1964లో అదే ప్యూయి ద డోమ్. ఫ్రెంచివారే యైన జాక్ అంకెతీల్, రేమోఁ పులిదోర్ భుజము భుజము రాచుకొనుచు ఎక్కిరి. శిఖరము చేరువలో అంకెతీల్ వెనుకబడెను. పులిదోర్ 42 సెకండ్లు రాబట్టెను. అయినను మొత్తము లెక్కలో అంకెతీల్‌కు 14 సెకండ్ల ఆధిక్యము మిగిలెను. పారిస్ చేరునప్పటికి అది 55 సెకండ్లయ్యెను.