అండమాన్‌ దీవుల్లో కంప్యూటర్ బ్యాకప్, డిప్లాయ్‌మెంట్: సాధనాలు, పద్ధతులు

చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు వేసిన సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. దీని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, వ్యయం రూ.1,224 కోట్లు. సార్వత్రిక సేవా నిధితో బీఎస్‌ఎన్‌ఎల్ ఈ ప్రాజెక్టును పూర్తిచేసింది. అంతకుముందు దీవుల ఇంటర్నెట్‌కు ప్రధాన ఆధారం ఉపగ్రహాలే. ఒక కార్యాలయపు సమాచారాన్ని రాత్రికి రాత్రి ప్రధాన భూభాగానికి పంపి భద్రపరచడం అప్పట్లో ఆచరణ సాధ్యం కాని పని.

బ్యాకప్ అంటే సమాచారానికి మరో ప్రతిని వేరుగా ఉంచడం. ఆపరేటింగ్ సిస్టమ్‌ను, అవసరమైన సాఫ్ట్‌వేర్‌ను అనేక కంప్యూటర్లలో ఒకే తీరుగా నెలకొల్పడం డిప్లాయ్‌మెంట్. దీనిని ‘మోహరింపు’ అని అనువదించేవారున్నారు. త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ ఉన్న ఈ దీవుల్లో ఆ మాట వింటే సైన్యమే స్ఫురిస్తుంది కనుక ఇక్కడ ఆంగ్లపదాన్నే వాడుతున్నాం.

రెండు అవసరాలనూ తీర్చే ఉచిత సాధనం క్లోన్‌జిల్లా. తైవాన్‌లోని జాతీయ హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ కేంద్రంలో ఇది రూపొందింది. తనకు తెలిసిన ఫైల్ సిస్టమ్‌లలో డిస్కులోని ఖాళీ భాగాలను వదిలి, వాడిన భాగాలను మాత్రమే నకలు తీస్తుంది. ఒక కంప్యూటర్‌ను సిద్ధంచేసి దాని ‘ఇమేజ్’ తీస్తే, సర్వర్ ఎడిషన్ ద్వారా గదిలోని యంత్రాలన్నింటికీ ఏకకాలంలో పంపవచ్చు. ‘మల్టీకాస్ట్’ పద్ధతిలో ఒకే ప్రవాహాన్ని అన్ని యంత్రాలూ అందుకుంటాయి. సాధారణంగా గమ్యస్థానంలోని డిస్కు, మూల డిస్కుకు సమానంగా గానీ పెద్దదిగా గానీ ఉండాలి. పాత కంప్యూటర్లున్న బడుల్లో ముందుగా చూసుకోవలసింది ఇదే.

దీవుల్లో ఈ పద్ధతి ప్రయోజనం లెక్కలో తేలుతుంది. 30 కంప్యూటర్లు ఒక్కొక్కటీ 20 గిగాబైట్ల సాఫ్ట్‌వేర్‌ను విడివిడిగా దింపుకుంటే మొత్తం 600 గిగాబైట్లు. సెకనుకు 20 మెగాబిట్ల వేగంతో దాదాపు 67 గంటలు పడుతుంది. ఒక్కసారి దింపుకుని స్థానిక నెట్‌వర్క్‌లో పంచితే ఇంటర్నెట్ వాడకం రెండుంబావు గంటలలోపే ముగుస్తుంది.

రోజువారీ ఫైళ్లకు ఇమేజ్ అవసరం లేదు. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ 1996లో విడుదల చేసిన ఆర్‌సింక్, ఫైలులో మారిన భాగాలను గుర్తించి వాటినే నెట్‌వర్క్ మీద పంపుతుంది. బోర్గ్, రెస్టిక్ మరో అడుగు ముందుకు వేశాయి. పునరావృతమయ్యే భాగాలను ఒక్కసారే నిల్వచేసి, సమాచారాన్ని గుప్తీకరిస్తాయి. ఆర్‌సింక్‌ను ఒక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు. రాన్సమ్‌వేర్ పాడుచేసిన ఫైలును కూడా అది నమ్మకంగా రెండో చోటికి చేరవేస్తుంది. పాత తేదీల ప్రతులు విడిగా ఉంటేనే వెనక్కి వెళ్లగలం.

మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అనే సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చినవారు ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్. అండమాన్‌లో ‘వేరే చోట’ అంటే పక్క వీధి కాదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ కార్ నికోబార్‌లోని వైమానిక స్థావరాన్ని ధ్వంసం చేసింది. అదే భూకంపానికి గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఉన్న ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. భూమి పత్రాలు, రోగుల వివరాలు, విద్యార్థుల మార్కుల వంటివి ఒకే భవనంలో ఎన్ని డిస్కుల్లో ఉన్నా అలాంటి రోజున ఒక్కటీ మిగలకపోవచ్చు. అందుకే ఒక ప్రతి సముద్రం దాటాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. విశాఖలోనో శ్రీకాకుళంలోనో బంధువులున్న చిన్న వ్యాపారి, గుప్తీకరించిన డిస్కును ఓడ మీద వెళ్లేవారికి ఇచ్చి పంపినా ఈ నియమం పాటించినట్టే.

కేబుల్ తెగే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కనుక దీవిలోనూ ఒక ప్రతి ఉండాలి. ఉప్పుగాలి, తేమ డిస్కులకు శత్రువులు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతో భద్రపరచి, మూడు నెలలకోసారైనా వేరే యంత్రంలో సమాచారాన్ని పునరుద్ధరించి చూడాలి. క్లోన్‌జిల్లా బూట్ పెన్‌డ్రైవ్‌ను ముందే తయారుచేసుకుంటే ఇంటర్నెట్ లేని రోజున కూడా పని ఆగదు.

గుప్తీకరణకు వాడిన తాళంచెవి, పాస్‌వర్డ్ పోతే ఆ ప్రతులను తయారీదారులు కూడా తెరవలేరు. బోర్గ్‌లో తాళంచెవిని కాగితంపై ముద్రించుకునే వీలుంది. ఆ కాగితాన్ని మాత్రం సర్వర్ ఉన్న గదిలో ఉంచకూడదు.